పావలా టిక్కెట్టు, రెండు పౌండ్ల ప్రాణం

ఏ పెద్ద వినోదశాలకు వెళ్ళినా ఒక మూల, తినుబండారాల దుకాణాలకు కాస్త ఎడంగా, తలుపు మీద ప్లస్ గుర్తు వేసిన చిన్న గది ఒకటి కనబడుతుంది. లోపల ఒక మంచం, ఒక ఆక్సిజన్ సిలిండర్, ఆగిన గుండెను మళ్ళీ కొట్టించే పెట్టె, ఒకరో ఇద్దరో పారామెడిక్‌లు. రోలర్ కోస్టర్ దిగి కళ్ళు తిరిగినవారూ, నీళ్ళ జారుడుబండ మీద మోకాళ్ళు చీరుకున్న పిల్లలూ, వడదెబ్బ తగిలిన పెద్దవారూ ఆ గదికి వస్తారు. బయట బ్యాండు మేళం, కేరింతలు. లోపల ఎవరో ఒకరి మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెడుతూ ఉంటారు. జనం నవ్వుకోవడానికి వచ్చే చోట నవ్వుతో నిమిత్తం లేని ఉద్యోగం వారిది.

ఈ ఉద్యోగానికి ఒక విచిత్రమైన పూర్వచరిత్ర ఉంది. నేటి వినోదశాలలో వైద్యం తెరవెనుక ఉంటుంది, ప్రమాదం జరిగితే తప్ప ముందుకు రాదు. కాని 1903 నుంచి 1943 వరకు, సుమారు నలభై ఏళ్ళ పాటు, న్యూయార్క్ సముద్రతీరంలోని ఒక వినోదకేంద్రంలో వైద్యమే ప్రదర్శన. నర్సులు పని చేస్తూ ఉంటే జనం టిక్కెట్టు కొనుక్కుని చూసేవారు. వారి చేతుల్లోని రోగులు నెలలు నిండకుండా పుట్టిన పసికందులు. కొందరి బరువు రెండు పౌండ్లు, అంటే కిలో కూడా లేదు. ఆ రోగులలో అత్యధికులు బతికారు. అందుకే ఈ కథ చెప్పుకోదగినది. వారు బతకడానికి ఆ గుడారాలూ దీపాలూ తప్ప వేరే చోటు దొరకలేదు, అందుకే ఈ కథ కాస్త ఇబ్బంది పెట్టేది కూడా.

బ్రూక్లిన్ దక్షిణపు కొసన ఉన్న కోనీ ఐలాండ్ ఆ రోజుల్లో అమెరికాలోకెల్లా పేరున్న వినోదకేంద్రం. 1903 మే నెలలో ఫ్రెడరిక్ థాంప్సన్, ఎల్మర్ డండీ అనే ఇద్దరు అక్కడ లూనా పార్క్ తెరిచారు. ఇళ్ళలో విద్యుత్తు ఇంకా వింతగా ఉన్న కాలంలో గోపురాలకూ బురుజులకూ లెక్కలేనన్ని బల్బులు బిగించి రాత్రిని పగలు చేశారు. చంద్రమండల యాత్ర అనే ఆట అక్కడి ముఖ్య ఆకర్షణ. మరుసటి ఏడాది దానికి పోటీగా డ్రీమ్‌ల్యాండ్ వచ్చింది. ఏనుగులు, సింహాలను ఆడించేవారు, మరుగుజ్జుల ఊరు, మంటల్లోంచి మనుషులను కాపాడే ఉత్తుత్తి అగ్నిమాపక దళం, ఇన్ని తమాషాల మధ్య ఒక శుభ్రమైన భవనం ఉండేది. దాని ముఖద్వారం మీద బతికి ఉన్న శిశువులు, ఇంక్యుబేటర్లు అని పెద్ద అక్షరాలు. మన నుమాయిష్‌లో జెయింట్ వీల్‌కూ మృత్యుకూపానికీ నడుమ పసిపిల్లల వార్డు ఒకటి ఉన్నట్టు ఊహించుకోండి, సరిగ్గా అటువంటిదే.

లోపలికి వెళితే వరుసగా ఉక్కు చట్రాలకు బిగించిన గాజు పెట్టెలు, ఒక్కొక్కటి దాదాపు మనిషి ఎత్తు. అడుగున సన్నని తీగల వల మీద పరుపు, దాని కింద వేడినీళ్ళ గొట్టం. బయట ఉన్న బాయిలరు నీటిని కాచి పంపితే, వేడి పెరిగినా తగ్గినా సర్దే అమరిక ఒకటి దానంతట అదే పని చేసేది. బయటి గాలిని గొట్టం ద్వారా లోపలికి తెచ్చి, మందులో తడిపిన ఉన్నిలోంచి, తరవాత పొడి ఉన్నిలోంచి వడకట్టి శిశువుకు అందించేవారు. వాడిన గాలి పైనున్న చిమ్నీలోంచి పోయేది. జనానికీ పెట్టెలకూ మధ్య ఒక కటకటాల కమ్మీ. చూసేవాళ్ళు ఈ చివర నుంచి ఆ చివరకు నడుచుకుంటూ పోవాలి.

ఈ పెట్టెకు మూలం మన పల్లెటూళ్ళలో కోడి కింద గుడ్లు పెట్టి పొదిగించే పద్ధతికి పెద్ద దూరం కాదు. పారిస్‌లో స్తెఫాన్ తార్నియే అనే ప్రసూతి వైద్యుడు అక్కడి జంతుప్రదర్శనశాలలో కోడిగుడ్లు పొదిగే యంత్రాన్ని చూసి, దాన్ని తయారు చేసిన ఒదీల్ మార్తాన్ చేతనే శిశువులకు తగినదొకటి చేయించాడు. 1880 ప్రాంతంలో అది పారిస్ ప్రసూతి ఆసుపత్రిలో అమరింది. రెండు కిలోల లోపు బరువుతో పుట్టిన శిశువుల్లో అంతకుముందు నూటికి 66 మంది చనిపోతూ ఉంటే, యంత్రం వచ్చాక ఆ సంఖ్య 38కి దిగింది. తార్నియే తరవాత పియర్ బ్యుదాన్ తల్లిపాలు, తరచుగా బరువు చూడటం, అంటువ్యాధులను దూరంగా ఉంచడం అనే మూడింటినీ వైద్యంలో భాగం చేశాడు. నీస్ నగరానికి చెందిన అలెగ్జాండ్ర్ లియోన్ ఇంకో మెట్టు పైకి వెళ్ళి, పదే పదే చూడనక్కరలేకుండా వేడిని తానే సర్దుకునే ఇంక్యుబేటరును తయారు చేశాడు. అది ఖరీదైనది. ఆసుపత్రులు కొనలేదు. అందుకని లియోన్ ఫ్రాన్సులోని పట్టణాలలో అంగడి గదులు తీసుకుని, శిశువులను వాటిలో ఉంచి, చూడవచ్చిన వారి దగ్గర యాభై సెంటీములు వసూలు చేసి ఖర్చులు వెళ్ళదీసుకున్నాడు. పసిపిల్లల్ని చూపించి పసిపిల్లల్ని బతికించడం అనే ఆలోచన పుట్టింది అక్కడే. అంటే దాన్ని పుట్టించింది వినోదం కాదు, ఆసుపత్రి ఖజానాలో డబ్బు లేకపోవడం.

ఆ ఆలోచనను అట్లాంటిక్ దాటించిన మనిషి మార్టిన్ కూనీ. 1896లో బెర్లిన్ పారిశ్రామిక ప్రదర్శనలో ఇంక్యుబేటర్ శిశువుల శాల ఒకటి వెలిసి, జనం విరగబడి చూశారు. 1897లో లండన్ ఎర్ల్స్ కోర్టులో కూనీ అటువంటి ప్రదర్శన నడిపాడు. ఇంగ్లీషు వైద్యులు తమ శిశువులను ఇవ్వడానికి ఒప్పుకోకపోతే, ఫ్రాన్సు నుంచి బుట్టల్లో పెట్టి శిశువులను కాలువ దాటించి తెచ్చామని ఆయన తరవాత చెప్పుకున్నాడు. ప్రసిద్ధ వైద్యపత్రిక లాన్సెట్ మొదట దాన్ని మెచ్చుకుంది. ఏడాది తిరగకుండానే అనుకరణలు బయలుదేరి, ఏమీ తెలియని వాళ్ళు కూడా శిశువులను సర్కస్ జంతువుల పక్కన పెడుతూ ఉంటే, ఇది ప్రమాదకరమని అదే పత్రిక హెచ్చరించింది. 1898లో ఒమాహా, 1901లో బఫెలో ప్రదర్శనలు ముగించి, 1903లో కూనీ లూనా పార్కులో స్థిరపడ్డాడు. మరుసటి ఏడాది డ్రీమ్‌ల్యాండ్‌లో కూడా ఒక శాల తెరిచాడు. అట్లాంటిక్ సిటీలో సముద్రపు ఒడ్డున ఇంకొకటి.

ఇక్కడ చదువరులు ఒక సంగతి గమనించాలి. కథ చెప్పేవారంతా కూనీ గురించే చెబుతారు. నల్ల కోటు, చేతికర్ర, యూరోపియన్ యాస, అన్నిటినీ మించి నాటకీయత, ఇవన్నీ కథకు బాగా నప్పుతాయి. కాని ఆ భవనంలో తెల్లవారుజాము రెండు గంటలకు మేలుకుని ఉన్నది ఆయన కాదు, నర్సులు.

ఆ నర్సులలో ముఖ్యురాలు ఫ్రాన్సు నుంచి వచ్చిన లూయీజ్ రెక్ట్. అందరూ ఆమెను మదామ్ రెక్ట్ అనేవారు. కూనీ భార్య అనాబెల్ సెగ్నర్ కూడా నర్సే. వారి కూతురు హిల్డెగార్డ్ 1907లో నెలలు నిండకుండా పుట్టింది. తండ్రి నడిపే పెట్టెల్లోనే పెరిగి, పెద్దయ్యాక తనూ నర్సుగా అక్కడే పని చేసింది. పిల్లలను తీసుకువచ్చేది ఎక్కువగా తండ్రులు, లేదా ఆసుపత్రి వారు. ఒక్కోసారి చెప్పుల పెట్టెలోనో దుప్పటిలోనో చుట్టి తెచ్చేవారు. రాగానే ఒళ్ళు కాచి, తట్టుకోగలిగితే స్నానం చేయించి, ఒక చుక్క బ్రాందీ నాలుక మీద వేసి, పెట్టెలో పడుకోబెట్టేవారు. నేటి వైద్యులు బ్రాందీ పేరు వింటే ఉలిక్కిపడతారు. అప్పటి వైద్యంలో అది మామూలే.

ఇక ప్రతి రెండు గంటలకొకసారి పాలు. చప్పరించే శక్తి ఉన్న పిల్లలను పాలదాదుల దగ్గరకు తీసుకువెళ్ళేవారు. ఆ దాదులు అదే భవనంలో కాపురం. ఆ శక్తి కూడా లేని పిల్లలకు ఒక ప్రత్యేకమైన చెంచా ఉండేది. మన ఉగ్గుగిన్నెకు ఉండే ముక్కులాంటి సన్నని కొస దానికి ఉంటుంది. ఆ కొసతో ముక్కుపుటంలోకి ఒక్కో చుక్క చొప్పున పాలు వదలాలి. చెయ్యి కాస్త వణికితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తొందరపడటానికి వీల్లేదు, విసుక్కోవడానికి అంతకన్నా వీల్లేదు. ఒక శిశువు తరవాత ఇంకో శిశువు, అందరూ అయ్యేసరికి మొదటి శిశువుకు మళ్ళీ వేళవుతుంది. ఆ పని వేసవి పొడుగునా, పగలూ రాత్రీ, పక్కన రోలర్ కోస్టర్ దడదడల నడుమ సాగేది. పాలదాదుల తిండి మీద కూడా కట్టుదిట్టం. వారికోసం ప్రత్యేకంగా వంటమనిషిని పెట్టాడు కూనీ. కోనీ ఐలాండ్ వీధిలో దొరికే హాట్ డాగ్ తింటూ పట్టుబడిన దాదికి ఉద్యోగం పోయేదట. ఏమీ నవ్వులాట కాదు. దాది కడుపు చెడితే బిడ్డ ప్రాణానికి ముప్పు.

అదే సమయంలో వాళ్ళు ప్రదర్శనలో పాత్రధారులు కూడా. శిశువు ఎంత చిన్నదో జనానికి తెలియడానికి మదామ్ రెక్ట్ తన వేలి ఉంగరం తీసి శిశువు మణికట్టుకు గాజులా తొడిగి చూపేది. బట్టలు కూడా కావాలని రెండు మూడు రెట్లు పెద్దవి వేసి, నడుముకు పెద్ద రిబ్బను ముడి వేసేవారు. కమ్మీ దగ్గర నిలబడి వివరించే మనిషికి ఒక నియమం ఉండేది, హాస్యం ఆడకూడదు. ఆడితే పని పోతుంది. బయట కేకలు వేసి జనాన్ని పిలిచే మనిషి మాత్రం పక్క గుడారాల వాళ్ళలాగే గొంతు చించుకునేవాడు. గుమ్మానికి ఇవతల తిరునాళ్ళ, అవతల ఆసుపత్రి. రెంటికీ నడుమ గీత అంత సన్నం.

ఇంత హంగామా ఎందుకంటే లెక్క సులభం. లూనా పార్కు తొలి రోజుల్లో ఒక్కో శిశువును పెంచడానికి రోజుకు సుమారు 15 డాలర్లు ఖర్చయ్యేదంటారు. అది ఆ రోజుల్లో కూలివాడి వారం సంపాదన కంటే ఎక్కువ. ప్రవేశ రుసుము పావు డాలరు, అంటే వాళ్ళ పావలా. ఒక బిడ్డ ఒక రోజు బతకడానికి అరవై మంది టిక్కెట్టు కొనాలి. తల్లిదండ్రుల దగ్గర కూనీ ఒక్క సెంటు కూడా పుచ్చుకోలేదు. నల్లవారు, తెల్లవారు, వలసవచ్చినవారు, డబ్బున్నవారు, లేనివారు అనే తేడా చూడలేదు. అమెరికాలో ఆ కాలపు ఆసుపత్రులు చాలావరకు చూసేవి. చికాగోలో జోసెఫ్ డిలీ అనే వైద్యుడు 1900 ప్రాంతంలో ఆసుపత్రిలోనే నెలలు నిండని శిశువుల విభాగం ఒకటి ఏర్పాటు చేశాడు. పద్ధతులు మంచివే, ఫలితాలూ మంచివే. కొన్నేళ్ళకు నిధులు లేక మూతపడింది. కూనీ శాలకు ఆ గతి పట్టకపోవడానికి కారణం, అతడి వెనుక దాతల బదులు ఆదివారం సాయంత్రపు జనసమ్మర్దం ఉండటమే.

అసలు యంత్రమే బిడ్డలను బతికించింది అనుకుంటే పొరపాటు. దానికి 1904 నాటి సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనే సాక్ష్యం. అక్కడ ఇంక్యుబేటర్ల గుత్త కూనీకి దక్కలేదు, వేరేవాళ్ళు దక్కించుకున్నారు. అవే రకం పెట్టెలు, అదే రకం జనం, అదే టిక్కెట్టు. కాని ఆ వేసవిలో అతిసారం వ్యాపించి ఎందరో శిశువులు చనిపోయారు. పత్రికలు గగ్గోలు పెట్టాక జాన్ జహార్‌స్కీ అనే శిశువైద్యుడికి బాధ్యత అప్పగించారు. ఆయన ఆహారాన్నీ పరిశుభ్రతనూ సరిదిద్దేసరికి మరణాలు తగ్గాయి. ఆ అనుభవాన్ని 1905లో ఒక పుస్తకంగా కూడా ప్రచురించాడు. గాజు పెట్టె వెచ్చదనం ఇస్తుంది, అంతే. ఆ వెచ్చదనంలో ఉన్న బిడ్డకు కలుషితం కాని పాలు, కడిగిన చేతులు, రెప్ప వెయ్యని కాపలా కావాలి. అది జీతం ఇచ్చి మనుషుల్ని పెడితే తప్ప రాదు. కోనీ ఐలాండ్‌కూ సెయింట్ లూయిస్‌కూ తేడా నర్సులలో ఉంది.

వినోదశాలలో వైద్యం అంటే వినోదశాల ప్రమాదాలలో కూడా భాగం పంచుకోవడమే. 1911 మే 27 తెల్లవారుజామున డ్రీమ్‌ల్యాండ్‌లో నరకద్వారం అనే ఆట దగ్గర మరమ్మత్తు చేస్తూ ఉండగా బల్బులు పేలి చీకటి కమ్మింది, కాగుతున్న తారు బాల్చీ ఒలికింది. కర్రతోనూ సున్నపు గచ్చుతోనూ కట్టిన ఆ నగరం గంటల్లో బూడిద అయింది. జూలుకు నిప్పంటుకున్న సింహం ఒకటి వీధిలోకి పరుగెత్తితే పోలీసులు కాల్చి చంపారు. ఇంక్యుబేటర్ శిశువులు కాలిపోయారని మొదట వార్త పొక్కింది. అది నిజం కాదు. పెట్టెల్లోంచి తీసి, బట్టల్లో చుట్టి, శిశువులందరినీ ఆ రాత్రి బయటకు చేర్చారు. లూనా పార్కులోని శాలలో వాళ్ళకు చోటు దొరికింది. డ్రీమ్‌ల్యాండ్ మళ్ళీ లేవలేదు. రోజూ మంటల్లోంచి మనుషులను కాపాడినట్టు నటించే ఆటశాల ఉన్న చోటే నిజంగా మంటల్లోంచి ప్రాణాలు కాపాడవలసి వచ్చింది. దాన్ని చూడటానికి ఎవరూ టిక్కెట్టు కొనలేదు.

విమర్శ లేకపోలేదు. పసిపిల్లల మీద క్రూరత్వాన్ని అరికట్టే న్యూయార్క్ సంఘం వారు ఇది శిశువులను అంగట్లో పెట్టడమేనని పలుమార్లు అభ్యంతరం తెలిపారు. ఆ వాదన తేలిగ్గా తోసెయ్యదగ్గది కాదు. తనను చూపించవచ్చునా అని అడిగే వీలు లేని ప్రాణి శిశువు. నోరు లేని రోగిని వినోదంగా నిలబెట్టడం తప్పే. అయితే అదే కాలంలో అమెరికా తిరునాళ్ళలో ఇంకో శిశు ప్రదర్శన కూడా జరుగుతూ ఉండేదని మరువరాదు. 1908 నుంచి, అందులోనూ 1911 తరవాత, అక్కడి రాష్ట్రాల సంతల్లో మేలు శిశువుల పోటీలు మొదలయ్యాయి. పశువులకు కొలతలు తీసి బహుమతులిచ్చే చోటే పిల్లల తలలూ ఛాతీలూ కొలిచి, ఎవరిది మేలు జాతి అని మార్కులు వేసేవారు. సుప్రజననం పేరుతో బలహీనులు బతకడం జాతికి చేటు అని చదువుకున్నవారే నమ్మిన రోజులవి. 1915లో చికాగోలో హ్యారీ హైసెల్డెన్ అనే శస్త్రవైద్యుడు అంగవైకల్యంతో పుట్టిన ఒక శిశువుకు శస్త్రచికిత్స చెయ్యడానికి నిరాకరించి, చనిపోనిచ్చి, ఆ పనిని పత్రికల ముందు సమర్థించుకున్నాడు. 1917లో దాని మీద చలనచిత్రం కూడా వచ్చింది. ఒక చోట బొద్దుగా ఉన్న బిడ్డకు పతకం వేస్తుంటే, ఇంకో చోట అరచేతిలో ఇమిడే బిడ్డను జనం ముందు పెట్టి, ఇదిగో ఇది కూడా బతుకుతుంది అని చూపిస్తున్నారు. ఆ రోజుల్లో ఆ రెండో మాట చెప్పిన వేదిక ఏ విశ్వవిద్యాలయమో కాదు, లూనా పార్కు.

మన పల్లెల్లో ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అనే మాట ఒకటి తరాలుగా ఉంది. శాస్త్రానికి అది నిలవదు గాని, దాని వెనుక ఉన్న నిస్సహాయత నిజం. ఎవరు బతుకుతారో తెలియనప్పుడు నెలల లెక్కలో విధిని చూసుకుంటాం. కోనీ ఐలాండ్ నర్సులు చేసిన పని ఆ విధిని గ్రాముల లెక్కలోకి మార్చడం. నిన్నటికన్నా నేడు బిడ్డ ఎంత పెరిగింది అన్నదొక్కటే ప్రశ్న.

ఇంతకీ కూనీ ఎవరు? తాను జర్మనీలో వైద్యం చదివాననీ, పారిస్‌లో బ్యుదాన్ శిష్యుణ్ణనీ ఆయన చెప్పుకున్నాడు. ఇటీవల క్లెయిర్ ప్రెంటిస్, డాన్ రాఫెల్ వంటి రచయిత్రులు పాత దస్తావేజులు తిరగేసి తేల్చినది వేరు. ఆయన 1869లో అప్పటి ప్రష్యాలోని క్రోటోషిన్‌లో యూదు కుటుంబంలో పుట్టాడు. అసలు పేరు మైఖేల్ కోన్. పందొమ్మిదేళ్ళ వయసులో, 1888లో, అమెరికా చేరాడు. ఆ వయసుకు వైద్యపట్టా పుచ్చుకోవడం అసాధ్యం, తరవాత పుచ్చుకున్నట్టు ఆధారమూ దొరకలేదు. 1910 జనాభా లెక్కల్లో తన వృత్తి శస్త్రచికిత్స పరికరాలు అని రాయించుకున్నాడు. డాక్టరు కాని మనిషిని నలభై ఏళ్ళు దేశమంతా డాక్టరు అని పిలిచింది.

దీన్ని ఎలా చూడాలి? మోసం మోసమే. నేను దాన్ని మెచ్చుకోను. ఆయన దారిలోనే నడిచి, ఆ శ్రద్ధ లేని వాళ్ళ చేతుల్లో ఎంతమంది పిల్లలు పోయారో సెయింట్ లూయిస్ చెబుతుంది. అయితే కూనీ తాను వైద్యుణ్ణని చెప్పుకున్నా, పట్టా ఉన్న వైద్యులను జీతానికి పెట్టుకున్నాడు, శిక్షణ పొందిన నర్సులను పెట్టుకున్నాడు, వాళ్ళు అడిగిన ఖర్చుకు అడ్డు చెప్పలేదు. పట్టా ఉండి ఆ పిల్లలను చేతులెత్తేసిన వారి కంటే, పట్టా లేకుండా వారిని చేతుల్లోకి తీసుకున్న మనిషి ఎక్కువ పని చేశాడు. ఆ వాక్యం రాయడం నాకు ఇష్టంగా లేదు గాని, చరిత్ర అలాగే ఉంది.

పెద్ద వైద్యులు ఆయనను గుర్తించడానికి చాలా కాలం పట్టింది. గుర్తించినవాడు చికాగోకు చెందిన జూలియస్ హెస్. ఈయన అమెరికాలో నెలలు నిండని శిశువుల వైద్యానికి ఆద్యుడని పేరు. 1922లో మైఖేల్ రీస్ ఆసుపత్రిలో ఇటువంటి శిశువులకు ప్రత్యేక విభాగం తెరిచాడు. అదే ఏడాది ఈ విషయం మీద తాను ప్రచురించిన గ్రంథంలో కూనీకి కృతజ్ఞత తెలుపుకున్నాడు. 1933, 34 సంవత్సరాలలో చికాగో ప్రపంచ ప్రదర్శన జరిగినప్పుడు హెస్, ఆయన నర్సులు, కూనీ కలిసి పని చేశారు. 1934 జులై 25న ఒక ముచ్చట జరిగింది. క్రితం వేసవిలో ఆ శాలలో పెరిగి ఇంటికి వెళ్ళిన 58 మంది పిల్లలను తల్లులతో సహా పిలిచారు. 41 మంది వచ్చారు. ఆ కార్యక్రమాన్ని రేడియోలో ప్రసారం చేశారు. ఏడాది వయసున్న ఆ పిల్లలు ఏడుస్తున్నారు, పాకుతున్నారు, అందరు పిల్లల్లాగే ఉన్నారు. అదే కావలసిన రుజువు. అటుపై కొద్ది కాలానికే చికాగో నగరం ఈ శిశువుల సంరక్షణను ప్రజారోగ్య బాధ్యతగా స్వీకరించింది.

1920లో న్యూయార్క్ ప్రాంతంలో కవలలు పుట్టారు. ఒక బిడ్డ పుట్టగానే పోయింది. రెండో బిడ్డ రెండు పౌండ్లు ఉంది. ఆసుపత్రి వారు ఆశ లేదన్నారు, ఆ బిడ్డను ఉంచుకునే ఏర్పాటు తమ దగ్గర లేదన్నారు. తండ్రి దుప్పటిలో చుట్టుకుని టాక్సీ ఎక్కి కోనీ ఐలాండ్ చేరాడు. ఆ బిడ్డ ఆరు నెలలు అక్కడ పెరిగింది. యువతి అయ్యాక ఒకనాడు ఆ ప్రదర్శన చూడటానికి వెళ్ళి కూనీతో తానెవరో చెప్పుకుంది. అక్కడ ఒక పెట్టె ముందు తన బిడ్డను చూస్తూ ఒక తండ్రి నిలబడి ఉన్నాడు. కూనీ వెళ్ళి ఆయన భుజం తట్టి, ఈమె ఇక్కడ పెరిగిన బిడ్డే, మీ బిడ్డ కూడా ఇలాగే పెద్దదవుతుందని చూపించాడట. ఆమె 96 ఏళ్ళు బతికి 2017లో కన్నుమూసింది. కమ్మీకి ఇవతల నిలబడి పావలా ఇచ్చినవారిలో చాలామందికి తాము ఏం చూస్తున్నామో తెలిసి ఉండదు. ఆ తండ్రికి తెలుసు.

1939, 40లలో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో కూనీ పెట్టిన శాలకు నష్టం వచ్చింది. జనానికి మోజు తీరిపోయింది. ప్రదర్శన ముగిశాక ఆ సరంజామా అంతా నగరానికి ఉచితంగా ఇస్తానంటే నగరం పుచ్చుకోలేదు. 1943లో న్యూయార్క్‌లోని కార్నెల్ వైద్యకళాశాల అనుబంధ ఆసుపత్రిలో నెలలు నిండని శిశువుల విభాగం మొదలైంది. ఆ ఏడే కూనీ కోనీ ఐలాండ్ శాలకు తాళం వేశాడు. ఇక తన పని అయిపోయిందన్నాడు. 1950 మార్చి 1న, 80 ఏళ్ళ వయసులో, ఆస్తి ఏమీ మిగలకుండా చనిపోయాడు. ఆయన చెప్పిన లెక్క ప్రకారం ఆ శాలలకు వచ్చిన శిశువులు సుమారు 8,000, బతికినవారు సుమారు 6,500. సొంత లెక్క గనక కాస్త తగ్గించి చూసినా, అది చిన్న సంఖ్య కాదు.

కూనీ తాళం వేసిన సంవత్సరం గురించి ఆలోచించినకొద్దీ నాకు ఒకటే అనిపిస్తుంది. 1903లోనూ 1943లోనూ వైద్యం దాదాపు ఒకటే. వెచ్చదనం, పాలు, పరిశుభ్రత, రాత్రంతా మేలుకుని ఉండే నర్సు. ఈ నాలుగింటిలో ఏదీ 1943లో కొత్తగా కనిపెట్టినది కాదు. మారినది ఒక్కటే, ఆ నర్సు జీతం ఎవరు ఇస్తారన్నది. నలభై ఏళ్ళ పాటు ఆ జీతాన్ని హాట్ డాగ్ తింటూ, ఐస్‌క్రీమ్ చీకుతూ, రోలర్ కోస్టర్ దిగి ఏమీ తోచక ఇటు వచ్చిన అపరిచితులు పావలా చొప్పున చెల్లించారు. వాళ్ళలో దయతో వచ్చినవారు కొందరు, కుతూహలంతో వచ్చినవారు ఎందరో. బిడ్డకు ఆ తేడా తెలియదు. ఆసుపత్రి ఆ జీతం ఇవ్వడానికి ఒప్పుకున్న రోజున ప్రదర్శన అవసరం తీరిపోయింది.

కనుక, శిశువులను తమాషాగా చూపించారే అని ఎవరైనా నొచ్చుకుంటే, ఆ నొప్పి న్యాయమైనదే. కాని దాన్ని కోనీ ఐలాండ్ మీద మాత్రమే పెట్టడం న్యాయం కాదు. కొంచెం దూరంలోనే, అదే నగరంలో, తమాషా లేని, దీపాలు లేని, గౌరవప్రదమైన భవనాలు ఎన్నో ఉండేవి. వాటి గుమ్మాల్లోంచి దుప్పటిలో బిడ్డను చుట్టుకుని తండ్రులు బయటకు నడిచి, టాక్సీ పిలిచి, లూనా పార్కు అని చెప్పవలసి వచ్చింది. మదామ్ రెక్ట్ పేరు మిగిలింది, హిల్డెగార్డ్ పేరు మిగిలింది. రాత్రి రెండు గంటల పాలు పట్టిన తక్కిన నర్సుల పేర్లు, పాలదాదుల పేర్లు కథ చెప్పేవారి నోట వినబడవు. వాళ్ళు పట్టిన పాలతో పెరిగిన పిల్లలు మాత్రం పెద్దవాళ్ళై, పెళ్ళిళ్ళు చేసుకుని, మనవలనెత్తుకున్నారు.